ఒకే కారుకి వేర్వేరు కంపెనీల ప్రైమర్, రంగు, క్లియర్ ఎలా వాడాలి?

సర్ఫేసర్ (రంగుకి ముందు కొట్టి నున్నగా రుద్దే ప్రైమర్) ఒక కంపెనీది చేతిలో ఉంది, రంగు ఇంకో కంపెనీ మిక్సింగ్ మెషిన్ దగ్గరే సరిగ్గా కుదిరింది, క్లియర్ (రంగు మీద మెరుపు కోసం కొట్టే పారదర్శక పొర) మూడో కంపెనీది దొరికింది. మూడూ ఒకే డోర్ మీద కొట్టొచ్చా? కొట్టొచ్చు. కానీ కంపెనీ మారేది పొరకీ పొరకీ మధ్యే. స్ప్రే గన్ కప్పులో మాత్రం క్లియర్, హార్డనర్ (గట్టిపరిచే ద్రవం), థిన్నర్ (పల్చబరిచే ద్రవం) మూడూ ఒకే సెట్ అయ్యుండాలి.

దీనికి కారణం ఉంది. టూ-కే పెయింట్ (హార్డనర్ కలిపి వాడే రెండు భాగాల పెయింట్) ఆరిపోవడం వల్ల గట్టిపడదు, హార్డనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనంతో కలిసి గట్టిపడుతుంది. ఆ ఐసోసయనేట్ ఎంత ఉండాలో కంపెనీ తన క్లియర్‌కి సరిపడా లెక్కకట్టి హార్డనర్ తయారుచేస్తుంది. 2:1 క్లియర్‌కి 400 మి.లీ.కి 200 మి.లీ. హార్డనర్ పడాలి. 4:1 క్లియర్‌కైతే 100 చాలు. ఒకదాని హార్డనర్ ఇంకోదాంట్లో పోస్తే ఏ కొలతా సరిపోదు. తక్కువైతే క్లియర్ మెత్తగా ఉండిపోయి, నాలుగు రోజుల్లో మెరుపు చచ్చిపోతుంది. ఎక్కువైతే పెళుసుబారుతుంది. క్రోమాక్స్, స్టాండాక్స్, స్పైస్ హెకర్ మూడూ ఆక్సాల్టా బ్రాండ్లే, అయినా వాటి హార్డనర్లు కూడా డేటా షీట్ (ఎలా వాడాలో కంపెనీ ఇచ్చే కాగితం) చెప్పకుండా మార్చి వాడకూడదు.

థిన్నర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చవగ్గా దొరికే ఎన్.సి. థిన్నర్‌లో (నైట్రోసెల్యులోజ్ అనే పాత రకం పెయింట్‌కి వాడేది) సాధారణంగా ఆల్కహాల్ కలిసి ఉంటుంది. అది హార్డనర్‌ని పట్టేసుకుంటుంది, క్లియర్‌కి మిగిలేది తగ్గిపోతుంది. ఎన్.సి. థిన్నర్‌ని గన్ కడగడానికి వాడండి, టూ-కేలో చుక్క కూడా వద్దు.

1. పాత పెయింట్‌ని పరీక్షించండి. గుడ్డని థిన్నర్‌లో ముంచి, కనపడని చోట పది సెకన్లు అదిమిపెట్టి రుద్దండి. రంగు గుడ్డకి అంటితే అది ఎన్.సి. లేదా సరిగ్గా గట్టిపడని పెయింట్. దానిమీద టూ-కే కొడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. రేకు దాకా గీకేయడమే మేలు.

2. లప్పం, ప్రైమర్. ఇక్కడ కంపెనీ కంటే రకం ముఖ్యం. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ మీద లప్పం పెట్టొద్దు, ఎపాక్సీ ప్రైమర్ కొట్టొద్దు. ఆ యాసిడ్ రెండింటి హార్డనర్‌నీ పనిచేయనివ్వదు. మూడూ ఒకే కంపెనీవైనా ఇదే జరుగుతుంది. లప్పంలో హార్డనర్ 100 గ్రాములకి 2 నుంచి 3 గ్రాములే. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే, ఆ హార్డనర్‌లో మిగిలిపోయిన పెరాక్సైడ్ అనే రసాయనం పైకొచ్చి రంగు మీద మచ్చలా తేలుతుంది. అప్పుడు నింద రంగు కంపెనీ మీద పడుతుంది.

3. సర్ఫేసర్. రాత్రంతా వదిలేసి, పొడిగా 400 నంబర్ ఎమెరీ పేపర్‌తో, తర్వాత నీళ్లతో 800 నంబర్ పేపర్‌తో రుద్దండి. పూర్తిగా గట్టిపడి, పేపర్ పట్టిన పొర మీద పై రంగు ఏ కంపెనీదైనా ఇబ్బంది ఉండదు. అందుకే కంపెనీ మార్చడానికి అన్నిటికంటే భద్రమైన చోటు ఇదే.

4. బేస్ కోట్, అంటే రంగు పొర. దాని కంపెనీ థిన్నరే వాడండి. బేస్‌కి హార్డనర్ కావాలా అనేది డేటా షీట్‌లో చూడండి. ఒక్కో కోటు తర్వాత తడి మెరుపు పోయి పూర్తిగా మ్యాట్‌గా మారేదాకా ఆగండి. మాస్కింగ్ పేపర్ మీద పడిన రంగుని వేలితో తాకితే తీగ సాగకూడదు.

5. క్లియర్. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. మెటాలిక్ బేస్‌ని రుద్దలేం కాబట్టి, క్లియర్‌లోని సాల్వెంట్ బేస్‌లోకి కాస్త దిగితేనే రెండూ అతుక్కుంటాయి. కంపెనీ మారితే ఆ దిగడం ఎక్కువో తక్కువో కావచ్చు. ఎక్కువైతే మెటాలిక్ రంగులోని అల్యూమినియం రేణువులు కదిలి మబ్బుల్లా కనిపిస్తాయి. అందుకే బేస్ తర్వాత కనీసం 20 నిమిషాలు ఆగి, మొదటి కోటు పల్చగా, రెండోది నిండుగా కొట్టండి. మరీ ఆలస్యం కూడా వద్దు: బేస్ డేటా షీట్‌లో ఇచ్చిన గడువు దాటితే పట్టు తగ్గుతుంది. మే నెల ఎండలో స్లో హార్డనర్, స్లో థిన్నర్ తీసుకోండి. కలిపిన క్లియర్ చిక్కబడితే థిన్నర్ పోసి బతికించొద్దు, పారేయండి. ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి ప్రమాదం. గుడ్డ మాస్క్ దాన్ని ఆపలేదు, బయటి గాలి అందించే మాస్కే కావాలి.

ఇదంతా కారు మీద కొట్టేముందు పాత రేకుముక్క మీద చేసి చూడాలి. లప్పం నుంచి క్లియర్ దాకా అన్ని పొరలూ, అవే కొలతలతో, అవే విరామాలతో. వారం ఆగి బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి లాగండి. గళ్లు ఊడొస్తే తెగిన చోటు చూడండి. టేపుకి క్లియర్ ఒక్కటే వస్తే బేస్‌కీ క్లియర్‌కీ పడలేదని అర్థం, క్లియర్‌ని బేస్ కంపెనీదే తీసుకోండి. రంగుతో సహా లేచొస్తే సర్ఫేసర్ రుద్దడంలోనో, గట్టిపడటంలోనో లోపముంది, కంపెనీ మార్చినా అది పోదు.