పెట్రోల్ మెకానిక్ ఎలక్ట్రిక్ బండి పని నేర్చుకోవాలంటే

ఖమ్మంలో నాకో టూవీలర్ షెడ్డుంది. తోటి మెకానిక్‌లు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: "అన్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ వస్తే పట్టాలా, పంపించాలా?" పట్టండి. కానీ ఒక వరుస పెట్టుకుని నేర్చుకుని పట్టండి.

ముందు డబ్బు సంగతి. మన షెడ్డు నడిచేది ఇంజిన్ ఆయిల్, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు, అప్పుడప్పుడూ ఒక బోరు పని మీద. హబ్ మోటార్ (చక్రంలోనే ఉండే మోటార్) బండిలో వీటిలో ఒక్కటీ ఉండదు. టైర్లు, బ్రేకులు, ఫోర్కులు, బేరింగులు, వైరింగు మాత్రం మిగులుతాయి. సామాన్ల మీద వచ్చేది తగ్గుతుంది కాబట్టి, కంప్లైంట్ ఎక్కడుందో పట్టుకున్నందుకే పైసలు తీసుకోవడం నేర్చుకోవాలి. మనవాళ్లకి మీటరు పట్టడం కన్నా "చెకింగ్‌కి రెండొందలు" అని నోరు తెరిచి అడగడమే కష్టం. బోర్డు రాసి గోడకి తగిలించండి, అడిగే బాధ తప్పుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చి, కార్బొరేటర్లు పోయి ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లు దిగినప్పుడూ "ఇక మన పనైపోయింది" అన్నవాళ్లున్నారు. స్కానర్ కొని కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఇవాళా షెడ్డు నడుపుతున్నారు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), సెన్సర్ అంటే ఏంటో తెలిసినవాడికి, మోటార్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో చూసుకునే కంట్రోలర్ మరీ కొత్త లోకం కాదు.

మొదట కొనాల్సింది మల్టీమీటర్. ఒక నెల దాన్ని పెట్రోల్ బండ్ల మీదే వాడండి. బ్యాటరీ వోల్టేజి, స్టేటర్ కాయిల్, హారన్ వైరు, అన్నీ టెస్ట్ లైటు పక్కన పెట్టి మీటరుతోనే చూడండి. చెయ్యి అలవాటయ్యాక డీసీ కొలిచే క్లాంప్ మీటర్ తీసుకోండి. చవకగా దొరికే క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ కరెంటే తెలుస్తుంది, మనకి పనికిరావు. కొట్లో అడిగి, డీసీ ఆంప్స్ చూపిస్తుందని చూసుకుని మరీ కొనండి.

బండి మీద చెయ్యి వేసేముందు ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయాలి. ఎంసీబీ, అంటే బ్యాటరీ కరెంటు ఆపే స్విచ్, దించాలి. దించిన తర్వాత కూడా కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగాలి. పానాలకి ఇన్సులేషన్ ఉండాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ దగ్గర పానా తగిలితే చిన్న మెరుపొస్తుంది, ఇక్కడ అదే పానా టెర్మినల్‌కి అతుక్కుని కరుగుతుంది.

ఇక అసలు పని. "బండి కదలట్లేదు" అని తెస్తారు. మీటరు తీయకముందే బ్రేకు లివర్ల కింద స్విచ్‌లు, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి. బ్రేకు స్విచ్ ఇరుక్కుంటే బండి తాను బ్రేకులో ఉన్నాననుకుని మోటార్‌కి కరెంటు ఇవ్వదు. వానాకాలంలో సగం బండ్లు ఇక్కడే తేలిపోతాయి. లైట్లు, హారన్ లేవు గానీ బండి నడుస్తోందంటే, అరవై వోల్టుల్ని పన్నెండుకి దించే డీసీ కన్వర్టర్ పోయి ఉంటుంది. దాని ఫ్యూజు ముందు చూడండి.

తర్వాత చక్రం చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి, ముక్కుతూ తిరుగుతోందా? మోటార్ నుంచి వచ్చే మూడు లావు వైర్లని కంట్రోలర్ నుంచి విడదీసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే కంట్రోలర్‌లో మాస్‌ఫెట్లు (మోటార్‌కి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్‌ల్లాంటివి) కాలాయి. విడదీసినా బిగుసుకునే ఉంటే, ముందు బ్రేకు, బేరింగు చూసి, అవి బాగుంటే మోటార్ వైండింగ్ షార్టని తీసుకోవచ్చు. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. అందుకే నేర్చుకోవడానికి వచ్చిన పోరగాళ్లకి నేను మొదట చూపించేది ఇదే.

చక్రం బాగుంటే థ్రాటిల్ (యాక్సిలరేటర్) చూడండి. ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య ఐదు వోల్టులు రావాలి. సిగ్నల్ వైరు మీద, వదిలేసినప్పుడు సుమారు 0.8, పూర్తిగా తిప్పితే నాలుగు దాకా ఎక్కాలి, మధ్యలో ఎగుడుదిగుడు లేకుండా. మోటార్ గిజగిజ కొట్టుకుని ఆగిపోతుంటే హాల్ సెన్సర్ల (మోటార్ ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి) మీద అనుమానం పెట్టుకోండి. చాలా బండ్లలో పసుపు, ఆకుపచ్చ, నీలం సన్న వైర్లు ఉంటాయి. చక్రం మెల్లగా తిప్పుతుంటే ఒక్కోదాని మీద సున్నా, ఐదు, సున్నా, ఐదు అని మారాలి. మారనిదే పోయింది.

"మైలేజి సగమైంది" అనేది బ్యాటరీ కంప్లైంట్. నిలబెట్టి కొలిస్తే ఏ బ్యాటరీ అయినా మంచిదే అనిపిస్తుంది. సెంటర్ స్టాండ్ మీద లోడు ఉండదు. బ్రేకు పట్టి లోడు పెడదామంటే బ్రేకు స్విచ్ మోటార్‌ని ఆపేస్తుంది. మీటరు వైర్లు గట్టిగా కట్టి, వెనక మనిషిని ఎక్కించి ఫ్లైఓవర్ మీదికి తోలాలి, రీడింగు చూడాల్సింది వెనక కూర్చున్నవాడు. 66 వోల్టులు ఉన్నది ఎక్కేటప్పుడు 52కి పడిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా ఏదో కనెక్టర్ వేడెక్కుతోంది. కనెక్టర్ నల్లబడిందేమో చూశాకే బ్యాటరీ పేరెత్తండి, కస్టమర్‌కి అది చాలా ఖర్చు.

అక్కడితో ఆగండి. లిథియం ప్యాక్ విప్పి సెల్స్ మార్చడం షెడ్డులో చేసే పని కాదు. యూట్యూబ్‌లో ఎంత తేలిగ్గా చూపించినా సరే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఉబ్బిన ప్యాక్, నీళ్లలో మునిగిన ప్యాక్ వస్తే ఛార్జింగ్ పెట్టొద్దు, లోపల ఉంచొద్దు, కంపెనీ సర్వీస్‌కి పంపండి. ఇంకోటి: పాత లెడ్ యాసిడ్ తీసేసి లిథియం వేయించుకున్నవాళ్లు పాత ఛార్జరే వాడుతుంటారు. పదహారు ఎన్‌ఎంసీ (లిథియంలో ఒక రకం) సెల్స్ వరసగా ఉన్న ప్యాక్ 67.2 వోల్టుల దగ్గర నిండుతుంది, అరవై వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ డెబ్బై దాటిస్తుంది. అప్పుడు కాపాడాల్సింది లోపలి బీఎంఎస్ (ప్యాక్‌ని కాపు కాసే సర్క్యూట్) ఒక్కటే. ఛార్జర్ కూడా తెమ్మని ప్రతి కస్టమర్‌కీ చెప్పండి, స్టిక్కర్ మీద అవుట్‌పుట్ చదవండి.

కోర్సుల మాట. ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడ్ వచ్చింది. తెలంగాణలో ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు కూడా. మీ కొడుక్కో, షెడ్డులో పనిచేసే పదో తరగతి పాసైన కుర్రాడికో అది మంచి దారి. మనలాంటి ఇల్లు గడుపుకునేవాళ్లం ఏళ్లకేళ్లు క్లాసులో కూర్చోలేం. కేంద్రం స్కిల్ ట్రైనింగ్ పథకం పీఎంకేవీవైలో ఆర్‌పీఎల్ అని ఉంది, ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. బ్యాచ్ ఎప్పుడుందో దగ్గర్లోని ట్రైనింగ్ సెంటర్‌లో అడగండి. సర్టిఫికెట్ చూసి కస్టమర్ రాడు గానీ, ముద్ర లోన్‌కి బ్యాంకుకి వెళ్లినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటే మాట తేలిగ్గా సాగుతుంది.

వారంటీలో ఉన్న బండికి టైరు, బ్రేకు వరకే చేయండి. సీలు విప్పితే క్లెయిమ్ పోయిందని మన మీదికే వస్తారు. వారంటీ అయిపోయినవి, 25 కిలోమీటర్ల స్పీడు మించని రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న స్కూటర్లు, డెలివరీ పిల్లలు తోలే బండ్లు, మనకి పని వచ్చేది వీటి దగ్గర్నుంచే. డెలివరీ పిల్లాడికి బండి ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. సాయంత్రంలోగా బండి చేతికిస్తే చాలు, రేపు ఇంకొకణ్ని వెంటబెట్టుకొస్తాడు. అందుకే ఒక యూనివర్సల్ కంట్రోలర్, ఒక థ్రాటిల్, రెండు బ్రేకు స్విచ్‌లు, ఒక డీసీ కన్వర్టర్ ఎప్పుడూ షెడ్డులో ఉంచండి.