నూరిన చిత్రిక పది తోపులకే మొద్దుబారుతోందా?

ఆదివారం పొద్దున్నే బెంగళూరు చిక్కపేట వైపు వెళ్ళి, గోనెపట్టా మీద పరిచిన పాత సామాన్లలోంచి చెక్కను నునుపు చేసే స్టాన్లీ కంపెనీ నంబర్ 4 చిత్రిక ఒకటి ఏరుకొచ్చి, తుప్పు వదిలించి, పిడికి పాలిష్ పెట్టి అమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నాకు ఫోన్ చేసేది దాదాపు ఒకే మాటతో: "అన్నా, అంతా చేశాను, చిత్రిక మాత్రం పట్టడం లేదు." తుప్పు తీయడం, సాన పట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

పొట్టు లోపల ఇరుక్కుంటోంది

బ్లేడు మీద కూర్చునే క్యాప్ ఇనుము అంచు, బ్లేడుకి పూర్తిగా ఆనడం లేదు. రెండూ బిగించి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుగు సన్నని గీతలా కనిపించినా చాలు, పొట్టు అందులోకి దూరుతుంది. క్యాప్ అంచును సానరాయి మీద పెట్టి, తోక వైపు రాయి కంటే కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని రుద్దండి. పది నిమిషాల పని. చెబితే అందరూ "చూశానన్నా" అంటారు. వెలుగుకి పట్టి చూసినవాళ్ళు తక్కువ.

తోస్తుంటే గడగడలాడుతోంది

బ్లేడు కింద ఉండే ఫ్రాగ్ విప్పి చూడండి. అది కూర్చునే చోట ఎండిన గ్రీజు, రంపపు పొట్టు, ఎవరో పూసిన కొత్త పెయింటు ఉంటాయి. గీకి శుభ్రం చేసి స్క్రూలు సరిగ్గా బిగించండి. అయినా ఆగకపోతే బ్లేడు తిరగేసి పెట్టారేమో చూడండి. ఈ రకం చిత్రికలో బ్లేడుకి నూరిన వాలు కిందికి ఉండాలి. నవ్వకండి, ఇలా పెట్టి నాకు వాపస్ పంపినవాళ్ళు ఉన్నారు.

పదును నిలబడటం లేదు

నాకు చేతులు కాలింది ఇక్కడే. రెండేళ్ళ క్రితం కొన్న ఒక నంబర్ 4కి బ్లేడు అద్దంలా మెరుస్తోంది. అమ్మినాయన "ఒళ్ళె మాల్ సార్" (మంచి సరుకు) అన్నాడు. బ్లేడుతో పని తప్పిందని నాకు సంబరం. నూరితే ముంజేతి మీద వెంట్రుకలు తెగాయి, రెండు తోపులు పలచగా లేచాయి. అమ్మేశాను. కొన్నది హోసూరు రోడ్డు వైపు పనిచేసే మన తెలుగు వడ్రంగి. మూడో రోజు ఫోన్: "అన్నా, పొద్దున నూరితే టీ టైమ్‌కి మొద్దు." టేకులో సిలికా ఉంటుంది, ఏ పదునునైనా తినేస్తుంది అని చెప్పి తప్పించుకున్నాను. ఆ మాట నిజమే, కానీ జవాబు అది కాదు.

మర్నాడు ఆయనే వచ్చాడు. టేకు కాదు, సిల్వర్ ఓక్ ముక్క తెచ్చాడు. నా ముందే నూరి పది తోపులు తోసి బ్లేడు తీసి కిటికీ దగ్గర తిప్పాడు. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు, కనిపించనే కనిపించదు. ఇక్కడ రెండు మూలల్లోనూ తెల్లగా ఒక గీత మెరిసింది. గోరుతో తాకితే అంచు ఒక పక్కకి మడత పడింది. విరగలేదు, వంగింది. తర్వాత ఆయన సంచిలోంచి ఆకురాయి (ఫైల్) తీసి బ్లేడు పక్క అంచు మీద, కింది మూల దగ్గర ఒకసారి లాగాడు. కర్రుమని కొరికింది, గట్టి లోహమైతే జారేది. నేను ఒక్క మాట మాట్లాడకుండా డబ్బులు వాపస్ ఇచ్చాను.

జరిగింది ఇది. ఎవరో ఆ బ్లేడును గ్రైండర్ మీద వత్తి పట్టి నూరారు. పాత బ్లేడు మామూలు కార్బన్ స్టీలు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం. 220, 230 డిగ్రీల దగ్గర దాని మీద లేత గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గరికి వచ్చేసరికి నీలం. నీలం వచ్చిందంటే చిత్రికకి కావలసిన గట్టిదనం పోయినట్టే. వేడి పోవడానికి మూలల దగ్గర లోహం తక్కువ, అందుకే ముందు కాలేవి అవే, రెండు మూడు సెకన్లు చాలు. ఆ తర్వాత ఇంకొకరు బఫింగ్ పట్టి నీలాన్ని తుడిచేశారు. రంగు పోయింది, మెత్తదనం పోలేదు. మెత్తటి ఇనుము కూడా ఒకసారికి వెంట్రుకలు కోస్తుంది, కాబట్టి ఆ పరీక్షతో గట్టిదనం తెలియదు.

కొనేటప్పుడే జేబులో సన్నపాటి కొత్త ఆకురాయి ఒకటి పెట్టుకోండి. పదును మీద పెట్టకండి, అమ్మేవాడు తిడతాడు. పక్క అంచు మీద రెండు చోట్ల లాగండి: ఒకటి కింది మూల దగ్గర, ఇంకొకటి పైన, స్క్రూ దూరే పొడవాటి చీలిక పక్కన. పాత బ్లేడ్లలో పై భాగం సాధారణంగా మెత్తగానే ఉంటుంది, అక్కడ కొరుకుతుంది. కింద జారాలి, లేదా కనీసం తేడా చేతికి తెలియాలి. రెండు చోట్లా ఒకేలా కొరికితే కింద కాలిపోయినట్టే. కంటికి దొరికే గుర్తూ ఒకటుంది: బఫింగ్ చక్రం అందని తుప్పు గుంతల్లో నీలం మిగిలిపోతుంది. మరీ మెరిసే బ్లేడును చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

కాలిన బ్లేడును బాగు చేయొచ్చు. ముందు అంచును నిటారుగా, మొద్దుగా ఒక మిల్లీమీటరు వెనక్కి అరగదీయండి. వాలు జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, పలచటి అంచు మళ్ళీ కాలుతుంది. ఆకురాయితో చూడండి. ఇంకా కొరికితే ఇంకో మిల్లీమీటరు. నాకు చాలావరకు 2, 3 మిల్లీమీటర్లలోనే గట్టి లోహం తగిలింది. అప్పుడు 25 డిగ్రీల వాలు. గ్లవుజు వద్దు, వేలు అంచుకి దగ్గరగా ఉంచండి, వెచ్చగా అనిపించగానే నీళ్ళలో ముంచండి. చివరి అర మిల్లీమీటరు రాయి మీదే నూరండి, ఎంత విసుగొచ్చినా.

కొలిమిలో మళ్ళీ కాల్చి నూనెలో ముంచితే సరి అని చెప్పేవాళ్ళుంటారు. ఇంత పలచటి బ్లేడు ముంచగానే వంకరపోతుంది. నావి రెండు పోయాయి. దానికంటే విరిగిన చిత్రిక ఒకటి చవగ్గా కొనండి. నంబర్ 4, నంబర్ 5 రెంటికీ బ్లేడు 2 అంగుళాలే, ఒకదానిది ఇంకొకదానికి సరిపోతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి చెందిన రికార్డ్ కంపెనీ 04, 05 బ్లేడ్లూ అంతే. 4½ది మాత్రం వెడల్పు ఎక్కువ, తేవద్దు. సంతలో ఈ మార్పిడి మనకంటే ముందే జరిగిపోయి ఉంటుంది, అందుకే బాడీ మీద స్టాన్లీ అని ఉన్నంత మాత్రాన బ్లేడు మీదా అదే పేరు ఉంటుందని అనుకోకండి.

మిగతావి అరుదు. బ్లేడు బయటికి వచ్చే నోటి దగ్గర పోత ఇనుముకి బీట ఉంటే వదిలేయండి, ఎవరూ కొనరు. అడుగు సమంగా లేదని గరుకు కాగితం మీద మూడు గంటలు రుద్దేవాళ్ళున్నారు, నూటికి తొంభైసార్లు ఆ శ్రమ అనవసరం. అగ్గిలో పడి మొత్తం మెత్తబడిన చిత్రిక ఒకటి చూశాను, ఇన్నేళ్ళలో ఒకటే.

అరగదీసిన బ్లేడుతో అమ్మేటప్పుడు చీలిక కింది కొస నుంచి అంచు దాకా స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి. ధర కొంచెం తగ్గుతుంది. హోసూరు రోడ్డు ఆయన తర్వాత నా దగ్గర మూడు చిత్రికలు కొన్నాడు, మూడింటికీ ఆ ఫొటో అడిగాడు.