నాకు కావలసింది ఆ ‘బుస్’ మాత్రమే

రోజుకి నాలుగు డైట్ కోలా టిన్నులు, ఆపైన ఆఫీసు మెషిన్ కాఫీ మూడు కప్పులు. చక్కెర లేదు కదా అని ధీమా. రాత్రి రెండైనా కళ్లు మూతపడేవి కావు.

ఒక సోమవారం అన్నీ ఒక్కసారే మానేశాను. మర్నాటికల్లా కణతలు పగిలిపోయేంత తలనొప్పి. కాఫీలోనూ కోలాలోనూ ఉండే, నిద్ర పట్టనివ్వని కెఫీన్ హఠాత్తుగా ఆపితే అంతేనట. సాయంత్రానికి మళ్లీ టిన్ను తెరిచేశాను.

రెండోసారి వారానికొకటి చొప్పున తగ్గించాను. మధ్యాహ్నం మూడింటికి తాగే టిన్ను మాత్రం వదల్లేదు. గమనిస్తే నాకు కావలసింది కోలా కాదు, మూత తీయగానే వచ్చే ఆ ‘బుస్’, గొంతులో గ్యాస్ చురుకు! ఉత్త సోడాలో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేశాను. సరిపోయింది.

తాగిన ఐదు గంటలకి కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. అందుకే మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. పొద్దున ఫిల్టర్ కాఫీ ఒక్కటి ఉంచుకున్నాను. దాని జోలికి ఎవరూ రావద్దు.