పాత ఆటోమేటిక్ కారు కొన్న కొత్తవారికి: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చే ముందు తెలుసుకోవలసినవి

కొత్త దేశానికి వచ్చిన మొదటి సంవత్సరంలో చాలామంది కొనుక్కునేది పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కారే. క్లచ్ తొక్కి గేరు మార్చే కార్లకు అలవాటుపడినవారికి అది ఎంతో సుఖంగా అనిపిస్తుంది, ఆ సుఖం వెనుక ఉన్న యంత్రం మీద దృష్టి పోదు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అమ్మేవారిని అందరూ అడుగుతారు. గేర్‌బాక్స్‌లోని ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగేవారు అరుదు, అడిగినా రసీదు చూపించగలిగేవారు మరీ అరుదు. గేర్‌బాక్స్ చెడితే దాని మరమ్మతు ఖర్చు ఒక్కోసారి కారు ధరనే మించిపోతుంది కాబట్టి, కొన్న వెంటనే చూడవలసిన వాటిలో దీన్ని ముందు వరుసలో పెట్టుకోవాలి.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ చేసే ముఖ్యమైన పని పళ్లచక్రాలు అరగకుండా కాపాడటం. ఆటోమేటిక్‌లో అదే ద్రవం టార్క్ కన్వర్టర్‌లో తిరుగుతూ ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందిస్తుంది, వాల్వ్ బాడీలోని సన్నని దారుల గుండా ఒత్తిడితో ప్రవహించి గేర్లను మారుస్తుంది, లోపలి క్లచ్ పలకలు జారిపోకుండా, అలాగని కుదుపుతో అతుక్కోకుండా చూస్తుంది, పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకుపోతుంది. ఇన్ని పనులు చేసే ద్రవంలో కలిపిన రసాయనాలు వేడికి క్రమంగా నశిస్తాయి, క్లచ్ పలకల నుంచి రాలిన పొడి అందులో కలుస్తుంది. అందువల్ల కొన్ని తయారీ సంస్థలు ‘జీవితకాలం మార్చనక్కర్లేదు’ అని చెప్పినా, రెండో మూడో చేతికి వచ్చిన కారు విషయంలో ఆ మాటను నమ్ముకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. సాధారణంగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఒకసారి మార్చడం సబబుగా ఉంటుంది.

మార్చడానికి ముందు, వీలైతే కొనడానికి ముందే, ఉన్న ఆయిల్‌ను పరిశీలించండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న కారైతే దాన్ని బయటికి తీసి తెల్లని కాగితం మీద ఒక చుక్క వేయండి. కొత్త ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌తో పొరబడకుండా కలిపిన రంగు అది. వాడకంలో గోధుమ రంగుకు తిరగడం సహజమే గనుక రంగును మాత్రమే చూసి భయపడనవసరం లేదు. మాడిన వాసన వస్తే మాత్రం క్లచ్ పలకలు కాలి ఉంటాయని అనుమానించాలి. ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లో ఉండే కూలర్ చిల్లుపడి నీరు కలిసిందని అర్థం, అటువంటి కారును కొనకపోవడమే మేలు. ఆ తర్వాత బ్రేకు మీద కాలుంచి గేరును డి (ముందుకు) లోకి, ఆర్ (వెనక్కి) లోకి మార్చి చూడండి: రెండు మూడు సెకన్ల ఆలస్యం తర్వాత గానీ కారు స్పందించకపోయినా, రోడ్డు మీద ఇంజన్ వేగం పెరిగి కారు వేగం పెరగకపోయినా, అది ఆయిల్ మార్పుతో తీరే జబ్బు కాకపోవచ్చు.

మట్టం చూడటంలో చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. మొదటి కారులో, ఆయిల్ ఇంకా చల్లగా ఉండగానే డిప్‌స్టిక్ తీసి చూసి, వచ్చిన లెక్క తప్పని తెలియక అంచనాతో కొంత ఆయిల్ పోశాను. వారం తిరగకముందే గేర్లు తడబడటం మొదలైంది. మట్టం మితిమీరితే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి, నురుగులోని గాలి వల్ల ఒత్తిడి తగ్గి గేర్లు జారతాయి. చాలా కార్లలో కొంతదూరం నడిపి ఆయిల్ వేడెక్కిన తర్వాత, సమతలమైన చోట ఆపి, గేరు లివర్‌ను అన్ని స్థానాల్లోనూ ఒకసారి తిప్పి, పి (పార్కింగ్) లో ఉంచి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. హోండా కార్లలో మాత్రం వేడెక్కాక ఇంజన్ ఆపి, ఒకటిన్నర నిమిషం లోపల చూడాలి. అసలు డిప్‌స్టిక్కే లేని కార్లలో ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరినప్పుడు అడుగున మట్టం చూడటానికి ఉన్న బోల్టు విప్పి, సన్నని ధారగా కారుతోందో లేదో చూసి మట్టం తేలుస్తారు. టొయోటాలో చాలా కార్లకు ఆ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. ఆయిల్ ఉష్ణోగ్రతను చూపించే స్కానర్ లేకుండా ఆ పనికి పూనుకోకండి.

ఇక ఆయిల్ ఎంపిక. జనరల్ మోటార్స్ కార్లకు డెక్స్‌రాన్, ఫోర్డ్ కార్లకు మెర్కాన్, క్రైస్లర్ కార్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవం) ప్లస్ 4, హోండా కార్లకు ఒకప్పుడు జడ్-1, దాని స్థానంలో ఇప్పుడు డీడబ్ల్యూ-1, టొయోటా కార్లకు నమూనాను బట్టి టీ-4 లేదా డబ్ల్యూఎస్, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రమాణం. వీటి చిక్కదనమూ క్లచ్ పలకల మీద పట్టూ వేరు కాబట్టి ఒకదాని బదులు మరొకటి పోయరాదు. మీది సీవీటీ (విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే) గేర్‌బాక్స్ అయితే దానికి ప్రత్యేకమైన ద్రవం కావాలి. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి గేర్‌బాక్స్ పాడవుతుంది. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని రాసిన డబ్బాను కొనే ముందు, మీ కారు మాన్యువల్ పుస్తకంలోని పేరు ఆ డబ్బా వెనుక స్పష్టంగా ఉందో లేదో చూడండి. కొలతల దగ్గర మరో చిక్కుంది: కొన్ని మాన్యువల్‌లు లీటర్లలో, కొన్ని అమెరికన్ క్వార్టుల్లో చెబుతాయి. క్వార్టు అంటే 0.946 లీటరు, కాబట్టి నాలుగు క్వార్టులు పోయమన్నచోట నాలుగు లీటర్లు పోస్తే దాదాపు 215 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది.

ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారుకు ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, అలా పోయినవి చాలావరకు అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌లే. ఆఖరి ఉపాయంగా ఆయిల్ మార్చినప్పుడు నింద దాని మీద పడుతుంది. గేర్లు సవ్యంగా మారుతున్న పాత కారుకు యంత్రంతో మొత్తం ఆయిల్‌ను తోసేసే ఫ్లష్ పద్ధతి కన్నా, అడుగు బోల్టు విప్పి దిగినంత దింపి, అంతే కొత్తది పోసే పద్ధతినే నేను సూచిస్తాను. టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉన్నది దిగదు గనుక, 10 లీటర్లు పట్టే గేర్‌బాక్స్ నుంచి ఒకసారికి 4 లీటర్లు దిగిందనుకుంటే కొత్త ఆయిల్ 40 శాతమే అవుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి మారిస్తే 64 శాతం, మూడోసారికి 78 శాతం దాకా చేరుతుంది. పాత కారుకు అంతకంటే తొందర అక్కర్లేదు.

మీరే చేయదలిస్తే, ముందు అద్దె ఒప్పందం చదవండి. పార్కింగ్ స్థలంలో కారు మరమ్మతులను నిషేధించే ఇళ్లు చాలా ఉంటాయి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకండి, స్టాండ్లు వేసి చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. ఆయిల్ పోసే చోటి బోల్టు విప్పగలరని నిర్ధారించుకున్నాకే దింపే బోల్టు విప్పండి, లేకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో కారు కదలకుండా నిలిచిపోతుంది. విప్పుతున్నది ఇంజన్ ఆయిల్ బోల్టు కాదని కూడా రెండుసార్లు చూసుకోండి. సుబారు కార్లలో ఈ పొరపాటు మరీ తరచుగా జరుగుతుంది. దిగిన ఆయిల్‌ను చల్లారాక కొలిచి, అంతే పోయండి. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పి ఫిల్టర్ మార్చే పక్షంలో అందులోని అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని గుజ్జు కనిపించడం మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే ఇక కొత్త ఆయిల్ మీద ఖర్చు పెట్టకుండా మెకానిక్‌ను సంప్రదించండి. పాన్ బోల్టులు చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే బిగించాలి, బలం చూపితే మర పోతుంది.

పాత ఆయిల్‌ను కాలువలోనో చెత్తబుట్టలోనో పారబోయడం చాలా దేశాల్లో నేరం; మూత ఉన్న డబ్బాలో పోసి, మీ ఊరిలో వాడిన ఆయిల్‌ను తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. కొన్న ఆయిల్ రసీదు మీద తేదీ, కిలోమీటర్ల అంకె రాసి దాచుకుంటే, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారికి చూపించవచ్చు. మార్చిన మర్నాడు కారు నిలిపిన చోట నేల మీద ఎర్రని చుక్కలున్నాయేమో చూసి, రెండు మూడు రోజులు నడిపాక మట్టాన్ని మళ్లీ ఒకసారి వేడిమీద చూసుకోండి.