మోడల్ రాకెట్ వదిలే ముందు ఇవి చూసుకోండి

మోడల్ రాకెట్ అంటే మందు కూరిన గొట్టంతో (దాన్నే మోటార్ అంటాం) పైకెగిరి, పారాచూట్‌తో దిగే చిన్న రాకెట్. ముందు కాగితాలు. గన్నవరం ఎయిర్‌పోర్ట్ విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లే. విమానాల వాళ్ల అనుమతి, పోలీసుల అనుమతి చేతికి రాకుండా మోటార్ పెట్టె తెరవొద్దు. పొలం రైతుకూ ముందే చెప్పండి.

గుంటూరు వైపు కోతలయ్యాక పొలాలు ఖాళీగా ఊరిస్తాయి, కానీ ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. ప్యాడ్ (రాకెట్‌ను నిలబెట్టి వదిలే స్టాండు) చుట్టూ గడ్డి చెక్కేసి నీళ్లు చల్లండి. రెండు బిందెల నీళ్లు, తడి గోనెసంచి పక్కనే ఉండాలి. దగ్గర్లో మిరప కల్లం ఉంటే ఆ చోటు అసలొద్దు.

మోటార్లను కారు డిక్కీలో ఎండకు వదలకండి. వేడెక్కి చల్లారితే లోపలి నల్లమందు పగుళ్లిచ్చి, అంటించగానే పేలిపోవచ్చు. ఇంట్లో మందు కూరే ప్రయోగాల జోలికి పోవద్దు.

ఇక పారాచూట్. మా రాకెట్ ఒకటి గొడుగు విచ్చుకోకుండానే వచ్చి చేలో దిగబడింది. తీసి చూస్తే ప్లాస్టిక్ మడతలన్నీ ఉక్కకు అతుక్కుపోయి ఉన్నాయి. అప్పట్నుంచీ మడతల మధ్య టాల్కమ్ పౌడర్ చల్లుతున్నాం. రాత్రే మడిచిపెట్టడం మానేసి, ఎగరేసే ముందే మడవండి.

గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే సామాన్లు సర్దేయండి.

లాంచర్ (దూరం నుంచి మోటార్‌ను అంటించే బటన్ పెట్టె) తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉండాలి. బటన్ నొక్కినా అంటుకోలేదా? తాళంచెవి తీసి, కనీసం 60 సెకన్లు ఎవరూ కదలొద్దు. పిల్లలు పరిగెత్తేది సరిగ్గా అప్పుడే.

కరెంటు తీగలకు చిక్కిన రాకెట్‌ను కర్రతో కూడా ముట్టుకోవద్దు.