మెలి తిరిగిన వేప పలకలు ప్లేనర్‌లో ఇట్లా సాపు అయ్యాయి

దేవరకొండ దగ్గర మా పొలం గట్టున కొట్టిన వేప చెట్టు పలకలు ఎండేసరికి మెలి తిరిగాయి. పలక మందం సమంగా చెక్కే మిషన్, అంటే థిక్‌నెస్ ప్లేనర్‌లో పెడితే మందం అంతటా ఒకటే వచ్చింది, మెలి మాత్రం పోలేదు. లోపలి రోలర్లు పలకను బల్లకు అదిమి లాగుతాయి, బ్లేడ్లు పైన చెక్కుతాయి. బయటికి రాగానే పలక మళ్లీ పాత వంపుకే పోతుంది. పై ముఖాన్ని కింది ముఖానికి సమాంతరం చేయడమే ఈ మిషన్ పని.

అందుకే పలక కింద పెట్టి, దానితో పాటే మిషన్‌లోకి పంపడానికి పలక కన్నా కాస్త పొడవైన 18 ఎంఎం ప్లైవుడ్ తీసుకున్నాను. పలక జారకుండా రెండు చివరలా పలక కన్నా పల్చటి చెక్క పట్టీలు జిగురుతో అంటించాను. మేకులు అస్సలు వద్దు, బ్లేడ్‌కు తగిలితే ప్రమాదం. పలకను దాని మీద పెట్టి మూలలు నొక్కితే ఎక్కడ ఊగుతుందో తెలుస్తుంది. ఆ సందుల్లో సన్నటి చెక్క పేళ్లు దూర్చి, గ్లూ గన్‌తో కదలకుండా చేశాను. పేళ్లు పలకను పైకి ఎత్తకూడదు, ఖాళీని నింపితే చాలు.

పై ముఖమంతా పెన్సిల్‌తో గీతలు గీసి, ఒక్కో పాస్‌కు (మిషన్‌లోంచి ఒకసారి పంపడం) అర ఎంఎం చొప్పున గీతలన్నీ చెరిగేదాకా నడిపాను. తర్వాత పలక తిరగేసి, ప్లైవుడ్ లేకుండా రెండో ముఖం. ఇప్పుడు బల్ల మీద పెడితే ఏ మూలా లేవడం లేదు!

వేపలో పోగు అల్లుకుని ఉంటుంది కాబట్టి చెక్క పెచ్చులు లేస్తుంది. పదునైన బ్లేడ్లు, చివరి పాస్‌లు ఇంకా పల్చగా తీయడం, ఈ రెండే నాకు పనిచేశాయి. చివర్ల గుంట పడకుండా బయటికి వచ్చే పలకను కొంచెం ఎత్తి పట్టుకోండి.