తెల్లని స్పోర్ట్స్ షూపై చేర్యాల ఎరుపు: ఇంట్లోనే రంగులు వేసుకునే విధానం

బూట్లపై వేసిన రంగు పెచ్చులుగా ఊడిపోయినప్పుడు చాలామంది రంగును తప్పుపడతారు. నా అనుభవంలో ఆ తప్పు తరచుగా కుంచె పట్టకముందే జరిగిపోతుంది. మొదటి జతను నేను జూలై ముసురులో, కంపెనీ వేసిన మెరుగు పొరను తీయకుండా, ఒకే దళసరి పూతతో ముగించాను. మూడు రోజులు నడిచేసరికి వేళ్ల దగ్గర మడతపడే చోట ఆ ఎరుపు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది.

ముందుగా బూటు దేనితో తయారైందో చూడాలి. లెదరు, రెగ్జిన్ బూట్లకు లెదరు కోసమే తయారుచేసిన అక్రిలిక్ రంగులు వాడాలి, ఎందుకంటే అవి ఆరిన తరువాత కూడా మడతతో పాటు వంగుతాయి. బొమ్మలు వేసే మామూలు అక్రిలిక్ రంగు బిరుసెక్కి పగులుతుంది. గుడ్డ బూట్లకు హైదరాబాద్‌లోని కోఠి, అబిడ్స్ ప్రాంతాల స్టేషనరీ దుకాణాల్లో దొరికే ఫాబ్రిక్ రంగులు సరిపోతాయి. జాలీ అల్లిక ఉన్న బూట్లను మొదటి ప్రయత్నానికి ఎంచుకోవద్దు. కొత్త జత పాడవుతుందన్న బెంగ ఉంటే గురువారం పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజారుకు వెళ్లి పాత జత ఒకటి తెచ్చుకుని దానిపై చేయి అలవాటు చేసుకోవడం మంచిది.

లేసులు తీసి, సబ్బునీటితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. లెదరు బూటైతే దూదిని నెయిల్ పాలిష్ తుడవడానికి వాడే అసిటోన్‌లో ముంచి, మెరుపు పోయి తోలు కాస్త గరుకుగా తగిలే వరకూ ఓపికగా రుద్దాలి. రెగ్జిన్‌పై అసిటోన్ ఎక్కువైతే పైపొరే చెడిపోతుంది కనుక కనబడని చోట పరీక్షించి, తేలికగా ఒక్కసారి తుడిస్తే చాలు. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. వంటింటి పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, గాలి ఆడే బాల్కనీలో ఈ పని చేయాలి. తరువాత సోలు అంచు వెంట మాస్కింగ్ టేపు అంటించి, చెంచా వెనుకభాగంతో గట్టిగా నొక్కాలి.

ఇక రంగు. తెలంగాణలోని చేర్యాలలో గుడ్డపై కథలను బొమ్మలుగా వేసే నకాషీ పటాల ఎర్రని నేపథ్యం అంటే నాకు ఎంతో ఇష్టం. ఎరుపుపై పసుపు అంచు, నల్లని సన్నగీత బూటు మీద కూడా నిండుగా కనిపిస్తాయి. అయితే ఎరుపు, పసుపు రంగుల కింది నుంచి బూటు అసలు రంగు తొంగిచూస్తుంది కాబట్టి, ముదురు రంగు బూటైతే ముందు తెల్లని పూత వేయాలి. రంగు పాలకన్నా కొద్దిగా చిక్కగా ఉంటే చాలు. మొదటి పూత చారలు చారలుగా, వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. ఆ చారలను చూసి కంగారుపడి అక్కడే మరింత రంగు పులమడం వల్లనే నా మొదటి జత పాడైంది. పూతకూ పూతకూ మధ్య 15 నుంచి 20 నిమిషాలు ఆగుతూ, 4 లేదా 5 పలుచని పూతలు వేయండి. మే నెల ఎండలో రంగు కుంచె మీదే గట్టిపడుతుంది కనుక తెల్లవారుజామున కూర్చోవాలి. వానకాలంలో ఫ్యాను కింద రెట్టింపు సమయం ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచే పట్టాలి, లేకపోతే సోలు అతుకు వదులవుతుంది.

నేపథ్యం ఆరిన తరువాత పెన్సిలుతో బొమ్మ గీసి, పసుపు నింపి, నల్లగీతను సన్నని కుంచెతో చివరికి వేయాలి. టేపును మెల్లగా, ఏటవాలుగా లాగండి. రంగు దానితో పాటు లేస్తుంటే బ్లేడుతో అంచు కోయాలి. లెదరుపై రంగును కాపాడే పారదర్శకమైన ఫినిషర్ రెండు పలుచని పూతలు వేసి, కనీసం 24 గంటలు తొడగకుండా ఉంచాలి.

ఈ బూట్లను వాషింగ్ మెషీన్‌లో వేయకుండా తడిగుడ్డతో తుడవాలి. మిగిలిన ఎరుపును బిగుతు మూత ఉన్న చిన్న సీసాలో దాచుకోండి. వేళ్ల మడత దగ్గర ముందుగా చెరిగినప్పుడు అదే రంగు అవసరమవుతుంది.